షెడ్డు దిక్కు సున్నా

"మోకాలు చూపియ్."

"చూపియ్య."

"ఎల్లేష్, నేను డాక్టర్‌ను కాదు, డిటెక్టివ్‌ను. చూపిస్తే సగం పని అయిపోతది."

"అందుకే చూపియ్య మల్లికక్కా! పొద్దుగాల సంది నకిరేకల్‌ల నా మోకాలు చూడనోడు లేడు. టీ కొట్టాయన గూడ ఒంగి చూసిండు. నేనేమన్న అంగట్ల ఎద్దునా?"

మల్లికకు నవ్వొచ్చింది గని ఆపుకున్నది. నకిరేకల్‌ల వాని రూంకు ఆమె వచ్చేటాలకే మూడు నలభై. ఆరుకు ఇంక రెండు గంటల ఇరవై నిమిషాలు. ఆ లోపల ఈ మొండోని సంగతి తేల్చాలె.

మధ్యాన్నం రెండింటికి నల్లగొండల, జిరాక్స్ షాపు మీదున్న ఆమె ఆఫీసుకు ఫోన్ వచ్చింది. రైస్ మిల్లు సావిత్రమ్మ. నకిరేకల్ కబడ్డీ టీం ఆమెదే. ఆమె మాట కొడవలి లెక్క ఉంటది. "అమ్మాయ్, నాకు కబడ్డీ తెల్వది, వడ్లు తెల్సు. మక్తల్ నుంచి తెచ్చుకున్న పోరడు ఎల్లేష్, ఆ ఫోన్ల ఆటల పదిహేడు ఉండె. ఇయ్యాల మధ్యాన్నం ఏడైండు. ఆరింటికి పన్నెండు మంది పేర్లు లీగుకు పోవాలె. వాడు తాలు గింజా, గట్టి గింజా? ఆరు లోపల చెప్పు, చాలు."

ఫోన్ల ఆట అంటే 'కూత సెవెన్'. జిల్లాల లీగుల ఆడే అందరిలకెళ్లి ఏడుగురిని ఏరుకోని నీ సొంత టీం కట్టుకోవాలె. ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క విలువ. ఏడుగురి విలువ కలిపి డెబ్బై దాటొద్దు. పైస లేదు, పందెం లేదు, ఉత్త ఇజ్జత్. గని ఆ ఇజ్జత్ కోసమే మక్తల్ నుంచి మోత్కూర్ దాక జనం బువ్వ మర్సిపోతాన్రు. టీం ఓనర్లు గూడ పొద్దున లేస్తె ముందుగాల ఆ నంబర్లే చూస్తరు.

ఎల్లేష్ నంబరు పడ్డది. దాంతోటి వాని బతుకు గూడ పడేటట్టున్నది. ఎట్లంటే, లీగు రూలు ఒకటున్నది. కొత్త టీం పేర్ల దినం నాడు వద్దంటే ఆటగాడు పాత టీంకే పోవాలె, మూడేండ్లు కట్టుబడి ఉండాలె. పాత టీం మక్తల్. ఆ మక్తల్ మేనేజర్ నవీన్, పోయినేడు ఓడిన మ్యాచ్ అయినంక, నిండు గ్రౌండ్ల వీని చెంప మీద కొట్టిండు. వాళ్లమ్మ చూస్తుండంగ.

"మల్ల ఆ గ్రౌండ్ల అడుగు పెట్ట అక్కా. ఆట ఇడిసి పెట్టి మేస్త్రీ పనికి పోత గని పెట్ట," అన్నడు ఎల్లేష్.

"సరే, మోకాలు నీ దగ్గర్నే పెట్టుకో. పొద్దున జరిగింది టైం తోటి చెప్పు."

"పదికి మోత్కూర్ టీం తోటి ట్రయల్ మ్యాచ్. ఫస్టాఫ్ మంచిగ కొట్టిన. పది ఇరవైకి బ్రేక్. పది ఇరవై అయిదుకు సెకండాఫ్. అప్పటి సంది ఏమైందో నాకే సమజ్ కాలే. అడుగు వేస్తున్న, గీత అందుతలేదు. రెండుసార్లు బాక్ లైన్ దాటలేదని అవుట్ ఇచ్చిన్రు. దాటిన అనుకున్న నేను! అయిపోయినంక జాషువా సార్ భుజం మీద చెయ్యేసి, 'మోకాలు అలిసిందిరా, జర రెస్ట్ తీస్కో' అన్నడు."

జాషువా సార్ టీం కోచ్. మల్లికకు పదిహేనేండ్లప్పుడు లెఫ్ట్ కార్నర్ల నిలబడుడు నేర్పింది గూడ ఆయనే. ఆమె మోకాలిచిప్ప ఇరిగి ఆట బంద్ అయిన నాడు దవాఖానల రాత్రంత కూసున్నడు.

"సార్ యాడున్నడు?"

"పేర్ల లిస్టు పట్కోని మిల్లుకు పోయిండు."

మల్లిక సావిత్రమ్మ పంపిన స్కోర్ షీటు ముందలేసుకున్నది. ఎల్లేష్ ఫస్టాఫ్: తొమ్మిది కూతలు, పది పాయింట్లు, అండ్ల నాలుగు బోనస్. సెకండాఫ్: ఎనిమిది కూతలు, ఒకటే పాయింటు, బోనస్ సున్నా. చూసినోడు ఎవడైనా ఏమంటడు? ఇరవై నిమిషాలకే మోకాలు పోయిందంటడు. మల్లిక గూడ అట్లనే అనేది, పేజీ తిప్పకపోతే.

తిప్పింది. మోత్కూర్ వాళ్ల లెక్క. ఫస్టాఫ్ బోనస్ సున్నా. బాక్ లైన్ దాటక అవుట్ అయినోళ్లు ముగ్గురు. సెకండాఫ్ బోనస్ అయిదు, అవుట్ ఎవ్వరు లేరు.

మల్లిక పేజీ మల్ల ఎనుకకు తిప్పింది.

"ఎల్లేష్, ఫస్టాఫ్ల మీరు ఏ దిక్కు నిలబడ్డరు?"

"షెడ్డు దిక్కు."

"అంటే మోత్కూరోళ్లు షెడ్డు దిక్కుకు కూతకొచ్చిన్రు. వాళ్లకు సున్నా. సెకండాఫ్ల దిక్కులు మారినయి, నువ్వు షెడ్డు దిక్కుకు కూతకు పోయినవ్. నీకు సున్నా. అరే, మోత్కూరోళ్లకు అందరికీ ఫస్టాఫ్లనే మోకాళ్లు పోయి సెకండాఫ్ల మల్ల మొలిచినయా?"

ఎల్లేష్ షీటు తన దిక్కు తిప్పుకున్నడు.

"మోకాలు కాదు రా. జాగా! లే, గ్రౌండుకు పోదాం!"

*

నాలుగు అయిదు. బండి గేటు బయట ఆపి లోపలికి ఉరికిన్రు. గ్రౌండు చుట్టూ నిలువెత్తు మీద ఇంకో జానెడు గోడ. లోపల మట్టి కోర్టు, ఒక కొసకు రేకుల షెడ్డు, ఇంకో కొసకు గేటు. షెడ్డు కాడ సోమన్న రబ్బరు పైపు గుంజుకొస్తుండు. ముప్పై ఏండ్ల సంది ఈ కోర్టుకు సున్నం గీతలు గీసేది ఆయనే.

"సోమన్నా, పైపు కింద పెట్టు!"

"ఎందుకు బిడ్డా? నీళ్లు కొట్టాలె."

"రోజు ఆరింటికి కొడ్తవు కదా. ఇయ్యాల రెండు గంటల ముందే ఏం తొందర? ఎవరు కొట్టమన్నరు?"

సోమన్న పైపు కింద పెట్టిండు.

మల్లిక సంచిలకెళ్లి టేపు తీసింది. నడి గీతకు రెండు కొసలల్ల ఇనుప మేకులున్నయి, అది కదలదు. బోనస్ లైన్ నడి గీత నుంచి నాలుగు మీటర్ల డెబ్బై అయిదు ఉండాలె. కూతకు పోయినోని కాలు ఆ గీత అవతల పడితేనే బోనస్. దానికి మీటరు ముందల బాక్ లైన్, అది దాటకపోతే అవుట్. ముందు గేటు దిక్కు టేపు పరిచింది. నాలుగు డెబ్బై అయిదు. వెంట్రుక మందం తేడా లేదు. తర్వాత షెడ్డు దిక్కు పోతుంటే ఎనుకకెళ్లి ఒక గొంతు వినొచ్చింది.

"ఆహా! ఫ్రెండ్స్, లైవ్‌ల చూస్తున్రు కదా, ఏడు పాయింట్ల ఎల్లేష్‌ను కాపాడనీకి డిటెక్టివ్ మేడం బట్టల కొట్టు టేపు తోటి వచ్చింది!"

రాకేష్. మహబూబ్‌నగర్ పిలగాడు, కూత సెవెన్ విలువలు చెప్పే ఛానెల్ నడిపిస్తడు. వాడు పడగొడితే నంబరు పడ్తది, లేపితే లేస్తది. చేతుల కర్రకు ఫోను, మూతికి నవ్వు.

"లైవ్ ఎంతమంది చూస్తున్రు?" అన్నది మల్లిక.

"మూడు వేల రెండు వందలు. భయమైతాందా?"

"తక్కువైన్రు అనిపిస్తాంది. ఉండనీ. పదకొండు అయిదుకు 'ఎల్లేష్ ఖతం' అని వీడియో పెట్టినవ్. పన్నెండుకు విలువ ఏడైంది. ఏం చూసి?"

"సెకండాఫ్ చూసి! అదొక్కటే కాదు మేడం, లెక్క జెప్త వినుండ్రి. మక్తల్‌ల వాడొక్కడే రైడర్. మ్యాచ్‌కు పంతొమ్మిది కూతలు. ఇయ్యాల ట్రయల్ గనుక పదిహేడు పోయిండు, గని ఈడ ఇంకిద్దరు రైడర్లున్నరు. పదమూడు దాటవు. కూతలు తగ్గితే పాయింట్లు తగ్గవా? మోకాలు మంచిగున్నా పన్నెండు కంటె ఎక్కువ ఇయ్య నేను."

"ఎనుకటి లెక్క సగమే చూసినవ్ తమ్మీ. మక్తల్‌ల వీడు అవుట్ అయితే ఎంతసేపు బయట కూసున్నడు? నలభై నిమిషాల మ్యాచ్‌ల పదమూడు నిమిషాలు! ఎందుకు? అవతలోన్ని పట్టెటోడు ఒక్కడు లేడు. పడితేనే కదా అవుటైనోడు లోపలికొచ్చేది. నకిరేకల్‌ల పట్టెటోళ్లు మ్యాచ్‌కు పదకొండు మందిని పడ్తాన్రు. వీడు బయట కూసుండేది నాలుగు నిమిషాలు. ఇంకోటి, మక్తల్‌ల అందరు అవుటయినంక అలిసిపోయి పోయే కూతలే సగం. ఈడ పానం నిండ ఉండంగ పోతడు. కూతలు తగ్గుతయి, కూతకు పాయింటు పెరుగుతది. నేనైతే ఇరవై కడ్త."

"ఇరవై!" రాకేష్ పగలబడి నవ్విండు. "ఫ్రెండ్స్, రాసుకోండ్రి, ఇరవై అంట!"

"రాసుకో. ఇగ ఇది గూడ చూపియ్ నీ ఫ్రెండ్స్‌కు. కెమెరా కిందికి తిప్పు."

"నేనెందుకు తిప్పాలె?"

"తిప్పకు. మూడు వేల మంది ముంగట భయపడ్డనని చెప్పుకో."

కెమెరా తిరిగింది. మల్లిక షెడ్డు దిక్కు టేపు పరిచి, సున్నం గీత మీద వేలు పెట్టింది. "చదువు."

రాకేష్ ఒంగిండు. నవ్వు సగంలనే ఆగింది.

"అయిదు... అయిదు మీటర్ల పదమూడు."

"ఎంత ఎక్కువ?"

"ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు."

"బాక్ లైన్?"

"నాలుగు మీటర్ల అయిదు సెంటీమీటర్లు. అది... అది గూడ ముప్పై ఎక్కువ."

ఎల్లేష్ ఆ గీత కాడ కూలబడ్డడు. "నేను దాటిన అక్కా," అన్నడు మెల్లగ. "దాటిన అని చెప్తే ఒక్కడు గూడ నమ్మలే."

*

నాలుగు ముప్పై అయిదు. సోమన్న షెడ్డు ముంగట బండ మీద కూసున్నడు. మల్లిక ఆయన ముంగట నేల మీద కూసున్నది.

"టేపు తోటి గీస్తవా సోమన్నా?"

"టేపా!" ముసలాయన కండ్లల్ల పౌరుషం లేచింది. "నా పాదమే నాకు టేపు. మడిమెకు బొటనవేలు ఆనిచ్చి నడుస్త. పదిహేను అడుగులు బాక్ లైన్, పంతొమ్మిది బోనస్. ఎన్కట స్టేట్ రెఫరీలొచ్చి కొలిచిన్రు, ఏలెడు తేడా రాలే. అప్పటి సంది ఇంగ ఎవ్వడు కొలవలే."

అదే మరి. ఎవ్వడు కొలవలే. నకిరేకల్‌ల సోమన్న పాదం మీద అందరికీ అంత నమ్మకం. ఆ నమ్మకమే ఎవడో వాడుకున్నడు.

"పాదం ఇటియ్." కొలిచింది. సరిగ్గ ఇరవై అయిదు సెంటీమీటర్లు. పంతొమ్మిది పాదాలు, నాలుగు డెబ్బై అయిదు. గేటు దిక్కు సరిపోయింది. షెడ్డు దిక్కు అయిదు పదమూడును పంతొమ్మిది తోటి భాగిస్తే ఇరవై ఏడు. "సోమన్నా, ఇరవై ఏడు సెంటీమీటర్ల పాదం ఎవరిది? షెడ్డు దిక్కు ఇంకెవడన్న గీసిండా?"

"నేనే గీసిన! నా గీత మీద ఇంకోని చెయ్యి పడనిస్తనా?"

"మరి షెడ్డు దిక్కుకు వచ్చేటాలకు నీ పాదం పెరిగిందా?"

ముసలాయన తల దించుకున్నడు. అప్పుడు చూసింది మల్లిక. ఎడమ మడిమె మీద కొత్త పుండు. ఎర్రగ, గుండ్రంగ, ఇయ్యాల్టిదే.

"ఇది ఏం కరిచింది?"

"ముల్లు."

"ముల్లు గుచ్చుకుంటది, తోలు గీకది. ఇది బూటు కరిచిన పుండు. జన్మల గ్రౌండ్ల చెప్పు ఎయ్యని మనిషివి, నీకు బూటు పుండెట్ల వచ్చింది?"

మల్లిక లేచి షెడ్డులకు పోయింది. పారలు, ఇసుక జాలి, సున్నం డబ్బాలు. మూడో డబ్బా మూత ఒక్కదాని మీదనే దుమ్ము లేదు. చెయ్యి పెట్టి గుంజితే తెల్ల కాన్వాస్ బూట్లు, సరికొత్తయి, అడుగున కోర్టు మట్టి. టేపు పెట్టింది. ఇరవై ఏడు.

"ఎవరిచ్చిన్రు?"

"చెప్ప బిడ్డా. ఒట్టేసిన."

"ఎవరి మీద?"

సోమన్న కండ్లు ఎల్లేష్ దిక్కు పోయినయి. "వాని మీదనే. వాని మొదటి జీతంల కొన్నడట నాకు. సిగ్గుపడి వేరేటోళ్లతోటి పంపిండట, ఎవ్వరికి చెప్పొద్దన్నడట. గేటు దిక్కు గీసినంక తొమ్మిది పదికి తెచ్చిచ్చిన్రు. 'ఏస్కో, ఇవి ఏస్కోని గీస్తుంటే ఫోటో తీసి పోరనికి చూపిస్త, సంబురపడ్తడు' అన్నరు. నాకు ఎవరు కొనిచ్చిన్రు బిడ్డా ఇన్నేండ్లల? ఏస్కున్న. అడుగులు మాత్రం అవే లెక్క పెట్టిన. పదిహేను, పంతొమ్మిది. బూటుంటే పాదం పెరుగుతదన్న సోయి లేకపాయె. మ్యాచ్ అయినంక తెలిసింది. తెలిసి... వీనికి చెడ్డ పేరొస్తదని దాచిపెట్టిన, నీళ్లు కొట్టి గీతలు చెరిపేద్దామనుకున్న."

ఎల్లేష్ మోకాళ్ల మీద కూసోని ఆయన చేతులు పట్టుకున్నడు. "నేను పంపలే తాతా. నాకు ఇంక జీతమే రాలే."

ముసలాయన టోపీ తీసి బండ మీద పెట్టిండు.

"అయితే ఒట్టు లేదు. తెచ్చిచ్చింది జాషువా సార్."

"తప్పు!" అన్నది మల్లిక. డిటెక్టివ్ అనాల్సిన మాట కాదది, నోట్లకెళ్లి దానంతటదే వచ్చింది. "సార్ ఎల్లేష్‌ను మక్తల్ నుంచి పట్టువట్టి తెచ్చిన మనిషి. ఆయనెందుకు చేస్తడు?"

రాకేష్ కర్ర కిందికి దించిండు. లైవ్ బంద్ చేసిండు. ఛానెల్ గొంతు పోయి మామూలు గొంతొచ్చింది.

"అక్కా, ఇది చూడు."

ఫోన్ల ఒక మెసేజి. టైం పది పన్నెండు. 'సెకండాఫ్ చూడు. ఎల్లేష్ మోకాలు పోయింది. వీడియో తయారు చేస్కో.' పంపినోని పేరు జాషువా కోచ్.

"పది పన్నెండుకు ఫస్టాఫ్ గూడ కాలే," అన్నడు రాకేష్. "అప్పటికి వీడు ఏడు పాయింట్ల మీదున్నడు. కోచ్ కదా, లోపలి సంగతి తెల్సుంటది అనుకున్న. నన్ను పావు లెక్క వాడుకున్నడు."

"నా విలువ ఏడని నువ్వే అన్నవ్," అన్నడు ఎల్లేష్ తలెత్తకుంటనే.

"అన్న. తప్పే. వీడియో తీసేస్త, కొత్తది పెడ్త. మొకం చూపించి మరీ పెడ్త."

మల్లిక అప్పటికే సావిత్రమ్మకు ఫోన్ కలిపింది. ఒక్కసారి మోగింది, రెండుసార్లు, అయిదుసార్లు. కట్. మల్ల చేసింది. కట్. మూడోసారి, నాలుగోసారి. మిల్లు ఆఫీసుకు చేస్తే గుమస్తా 'అమ్మ ఊరవతల తూకం కాడికి పోయింది, అయిదున్నర దాటినంకనే వస్తది' అన్నడు. అట్ల చేస్తనే ఉన్నది, చేస్తనే ఉన్నది. అయిదు ఇరవై ఎనిమిది అయింది. ఈసారి ఎత్తిన్రు.

"అమ్మా, మల్లికను. గట్టి గింజే! లిస్టు మీద సంతకం..."

"అమ్మ లారీ కాడుంది. ఫోను నా దగ్గర పెట్టిపోయింది." నింపాదిగ, ఎన్నో ఏండ్ల సంది తెలిసిన గొంతు. "ఆరు దాటినంక చెయ్ మల్లికా."

మల్లిక స్పీకరు నొక్కింది. "సార్. బూట్లు దొరికినయి."

అవతల మిల్లు మోత తగ్గింది, సార్ పక్కకు జరిగినట్టున్నది.

"దొరుకుతయని తెల్సు. నిన్ను పిలుస్తరని అనుకోలే. లెఫ్ట్ కార్నర్ల గూడ అంతే నువ్వు, పట్టిన కాలు ఇడవకపోతివి."

"ఎందుకు సార్?"

"వచ్చే నెల సంది మక్తల్ కోచ్‌ను నేనే. మాట అయిపోయింది. ఆ టీంకు రైడర్ లేడు. వాడు లేకుంట ఆడికి పోయి నేనేం చెయ్యాలె? నువ్వు ఇరవై కట్టినవ్, లైవ్‌ల చూసిన. తక్కువ కట్టినవ్ బిడ్డా. లీగు మొత్తంల వాని అసలు విలువ తెలిసినోన్ని నేనొక్కన్నే. అందుకే ఏడు చేయాల్సొచ్చింది."

ఎల్లేష్ ఆమె చేతిలకెళ్లి ఫోన్ తీసుకున్నడు.

"సార్, ఎల్లేష్‌ను."

"చెప్పురా."

"నన్ను అడిగితే మీ ఎంబడి మక్తల్‌కు గూడ వస్తుంటినేమో సార్. ఆ నవీన్ మొకం చూసుకుంట గూడ. ఒక్కసారి అడగాల్సుండె. గుంజుకపోతనంటే మాత్రం రాను. ఎవని తరం గాదు."

"పదకొండు పేర్లు రాసిన. పన్నెండోది గూడ రాస్తున్న, నీది కాదు. అమ్మ వచ్చి సంతకం పెట్టుడే తరువాయి. ఆరు దాక గ్రౌండ్లనే ఉండు బిడ్డా, మంచిగుంటది."

ఫోన్ కట్టయింది. సరిగ్గ అప్పుడే గేటు కాడ ఇనుప గొలుసు గలగలమన్నది.

ఉరికిన్రు. గేటు బయటి నుంచి మూసి ఉంది. సందుల నుంచి చూస్తే టీం వ్యాన్ డ్రైవర్, సార్ మనిషి, తాళం వేసి, చెవి జేబుల పెట్టుకోని, ఎనుకకు తిరగకుంట పోతుండు. మల్లిక బండి గేటు పక్కకే, గోడ అవతల. మిల్లు ఈడికి పదిహేను నిమిషాల తొవ్వ. టైం అయిదు ముప్పై నాలుగు.

"నేను మెసేజి ఫోటో తీసి పంపుత, కొలత వీడియో గూడ పంపుత," అన్నడు రాకేష్.

"ఎవరికి? ఫోను ఆయన చేతుల ఉన్నది, గుమస్తా గూడ ఆయన మాటే వింటడు."

మల్లిక గోడ దిక్కు చూసింది. ఇరిగిన మోకాలిచిప్ప తోటి ఆమె వల్ల కాదు. రాకేష్ వల్ల అసలే కాదు. సోమన్న సంగతి అడగనే వద్దు.

ఎల్లేష్ రాకేష్ చేతుల ఫోను లాక్కున్నడు, బూట్లు లేసులు కట్టి మెడల ఏస్కున్నడు. ప్యాంటు మోకాలు మీది దాక మలిచిండు. పొద్దున సంది ఎవ్వరికి చూపియ్యని మోకాలు. మీద గీత గూడ లేదు.

"అక్కా, బండి తాళంచెవి."

మల్లిక విసిరింది. వాడు గాలిలనే పట్టుకోని పది అడుగులు ఎనుకకు పోయిండు, ఒక్కసారి గోడను కింది నుంచి మీది దాక చూసిండు, ఉరికిండు. ఒక కాలు గోడకు తన్నింది, రెండు చేతులు మీద పడ్డయి, మనిషి మొత్తం అవతలికి మాయమైంది.

గోడ అవతల రెండు కాళ్లు నేల మీద గట్టిగ దిగిన సప్పుడైంది. ఆ వెంటనే బండి స్టార్టయి మిల్లు దిక్కు ఉరికింది.